ఆకుపసరే కదా, ఏటవుద్ది?

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాలులో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకులు. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి, బల్ల మీద ఆకులు ఎగిరిపోతున్నాయి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఆయుర్వేదాన్ని తిట్టడానికి రాలేదు. ముందు వరసలో ఇద్దరు వైద్యులు కూర్చున్నారు, వాళ్ళ మొహాలు చూస్తే ఆ అనుమానం ఉన్నట్టే ఉంది. అయ్యా, నేను చెట్లు చూపించి జీతం తీసుకున్నవాణ్ణి. చెట్టులో మందు లేదని నేనెలా అంటాను? మీ పెరట్లో బిళ్ళగన్నేరు ఉందా? అందరి పెరట్లోనూ ఉంటుంది. దాన్నించే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అని రెండు మందులు తీశారు. చిన్నపిల్లల రక్త క్యాన్సర్‌కి విన్‌క్రిస్టిన్ ఇవాళ్టికీ వాడుతున్నారు. అంత గొప్ప మందు. మరి ఆ ఆకు నమిలితే క్యాన్సర్ పోతుందా? పోదు. విన్‌క్రిస్టిన్‌ని మిల్లీగ్రాముల లెక్కలో, నరంలోకి, డాక్టరు పక్కన ఉండి ఎక్కిస్తారు. ఎందుకు? అది విషం కాబట్టి. పెరిగే కణాన్ని చంపుతుంది కాబట్టే మందయింది, చంపుతుంది కాబట్టే భయం కూడా.

సరే. ఇవాళ్టి విషయం విషం. ఒక ప్రశ్న అడుగుతాను. గన్నేరు పప్పు తింటే ప్రాణం పోతుందని ఈ హాల్లో తెలియనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరు. ఉమ్మెత్త గింజ తింటే పిచ్చెక్కినట్టు అవుతుందని? తెలుసు. నేపాళం గింజ? భేదులు పట్టుకుంటాయి. ముష్టి గింజ? అడవినాభి దుంప? ఇక్కడ పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఎలా తెలుసు? ఎవరో తిన్నారు, ఆ పూటే పడిపోయారు, ఊరంతా చూసింది. చూసినదాన్ని గుర్తుపెట్టుకుని పిల్లలకి చెప్పారు. అంతేకాదు, ఆ విషాన్ని ఎలా తగ్గించాలో కూడా కనిపెట్టారు. ముష్టి గింజని పాలలో ఉడకబెట్టి, పైపొట్టు తీసి, నేతిలో వేయించి శుద్ధి చేస్తారు. మన పెద్దలు తెలివితక్కువవాళ్ళని ఎవడంటాడండీ?

ప్రభుత్వం వాళ్ళ చట్టంలో కూడా ఇది ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద షెడ్యూల్ ఇ-వన్ అని ఒక పట్టిక ఉంది. ఆయుర్వేదంలో వాడే విష ద్రవ్యాల పట్టిక అది. వాటితో చేసిన మందు సీసా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక రాయాలి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, గురివింద, వత్సనాభి, అడవినాభి, ముష్టి, నేపాళం, నల్లజీడి, ఇవన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. మంచి పట్టిక. కానీ ఒకసారి జాగ్రత్తగా చూడండి. అందులో ఉన్న మొక్కలన్నీ ఏవి? తిన్న గంటకో, పూటకో, మర్నాటికో తెలిసిపోయేవి. ఆ మొక్కలన్నీ తొందర విషాలే.

మరి నిదానంగా పనిచేసే విషం సంగతేమిటి? ఇవాళ తాగిన కషాయానికి పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో మూత్రంలో రక్తం పడితే, ఏ తాత ఆ రెండింటినీ ముడిపెడతాడు? ఎలా పెడతాడు? తాగిన రోజు ఏమీ కాలేదు, పైగా కడుపునొప్పి తగ్గింది. "మా తాత వాడాడు, మా నాన్న వాడాడు, ఏటీ కాలేదు బాబూ" అంటారు. నిజమే, వాళ్ళ కళ్ళముందు ఏమీ కాలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. అనుభవం తొందర విషాన్ని పట్టుకుంటుంది. నిదానం విషాన్ని పట్టుకోలేదు. అది అనుభవం తప్పు కాదు, దాని చూపు అంతవరకే ఆనుతుంది.

దీనికి పరాయి దేశం దాకా పోనక్కర్లేదు. అడ్డపొగ. ఆ, నవ్వుతున్నారు. మన తీరం వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్ళు. ఇప్పటికీ కాల్చేవాళ్ళున్నారు. ఎందుకమ్మా అంటే గాలికి ఆరిపోదు, బూడిద ఒళ్ళో పిల్ల మీద పడదు అంటారు. మన జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూసి, 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. నూటికి 44 మంది దాకా అడ్డపొగ తాగేవాళ్ళే. అంగిట్లో మచ్చలు, పుళ్ళు, క్యాన్సర్లు. ప్రపంచంలో మామూలుగా అంగిట్లో క్యాన్సర్ చాలా అరుదు, మన దగ్గర అది మామూలు జబ్బు. మరి తరాల తరబడి కాల్చారు కదా, అనుభవం ఏమైంది? పొగాకూ ఆకే కదా.

*పిట్టకి తెలిసింది, మనకి తెలియలేదు*

ఇప్పుడు బల్ల మీదున్నది చూడండి. ఈ తీగ పేరేమిటి? చెప్పండి. ఆ, సరిగ్గా చెప్పారు, ఈశ్వరి. నల్ల ఈశ్వరి అంటారు, కొందరు ఈశ్వర వేరు అంటారు. ముందుకొచ్చి దగ్గరగా చూడండి. ఆకు పైన వెడల్పు, కింద సన్నం. పువ్వు చూడండి, ఇంత చిన్నది. అడుగున గుండ్రంగా ఒక బుడ్డి, దాని మీద వంకర గొట్టం, గొట్టం చివర ఒకవైపు మాత్రం ముదురు ఊదారంగు నాలిక. గొట్టం లోపల వెంట్రుకలు లోపలి వైపుకి వాలి ఉంటాయి. చిన్న ఈగ లోపలికి దూరగలదు, వెంటనే బయటికి రాలేదు. పుప్పొడి ఒంటికి అంటుకున్నాక వెంట్రుకలు వాడిపోతాయి, అప్పుడు వదులుతుంది. ఇదిగో కాయ. ఎండాక కింది నుంచి ఆరు చీలికలుగా విచ్చుకుని కాడలకి వేలాడుతుంది, లోపల పల్చటి రెక్కల గింజలు. ఒక్కసారి చూస్తే మళ్ళీ మరిచిపోరు. దీని అన్నదమ్ముల్లో ఇంకొకటి చేలల్లో నేల మీద పాకుతుంది, గాడిదగడపాకు. పిల్లలకి నులిపురుగుల మందనీ, తామరకనీ వాడతారు. రెండూ అరిస్టోలోకియా అనే జాతి.

ఈ తీగ మీద ఎర్రటి ఒళ్ళు, నల్లటి రెక్కలు ఉండే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు ఈ ఆకే తింటుంది. ఆకులో విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది, అది పెద్దయ్యాక కూడా ఉంటుంది. ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్ళీ దాని జోలికి పోదు. పిట్టకి ఎందుకు తెలిసింది? వెంటనే వెగటు పుట్టింది కాబట్టి. మనం ఆ చేదుని కషాయంలో బెల్లం కలుపుకుని తాగాం. చేదు కదా, రోగాన్ని లాగేస్తుంది అనుకున్నాం.

ఆ విషం పేరు అరిస్టోలోకిక్ ఆమ్లం. ఇది మనిషికి ఏం చేస్తుందో బయటపడింది మన దగ్గర కాదు, బెల్జియంలో. బ్రస్సెల్స్‌లో ఒళ్ళు తగ్గించే క్లినిక్ ఒకటి ఉండేది. ఏళ్ళ తరబడి బాగానే నడిచింది. 1990లో వాళ్ళ మందులో చైనా మూలికలు కొత్తగా కలిపారు. 1992 నాటికి కిడ్నీ డాక్టర్ల దగ్గరికి వయసులో ఉన్న ఆడవాళ్ళు వరసగా రావడం మొదలైంది. బీపీ అంతగా లేదు, షుగరు లేదు, కిడ్నీలు మాత్రం ఎండిపోతున్నాయి. ఆరా తీస్తే అందరూ ఆ క్లినిక్‌లోనే మందు వాడారు. ఏం జరిగింది? వేయాల్సిన మూలిక స్టెఫానియా. దాని చైనా పేరూ, ఇంకో మొక్క పేరూ దాదాపు ఒకటే. పొడి చేస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. స్టెఫానియా బదులు అరిస్టోలోకియా వచ్చి పడింది. 1993లో ఈ సంగతి లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. చివరికి నూరు మందికి పైగా తేలారు. చాలామందికి డయాలసిస్, కొందరికి కిడ్నీ మార్పిడి.

అక్కడితో అయిపోయిందా? అయిపోలేదు. ఆ ఆడవాళ్ళలో కొందరికి మూత్రనాళంలో, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి పోయే గొట్టంలో, క్యాన్సర్ కనపడింది. దాంతో డాక్టర్లు, ఎలాగూ పనిచేయని కిడ్నీలే కదా, ముందుజాగ్రత్తగా తీసేద్దాం అన్నారు. 39 మంది ఒప్పుకున్నారు. తీసి చూస్తే 18 మందికి అప్పటికే క్యాన్సర్ ఉంది. 39లో 18, అంటే దాదాపు సగం. ఇది 2000లో ప్రచురించారు. రెండేళ్ళకి, 2002లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకి అనుబంధంగా క్యాన్సర్ పరిశోధన చూసే సంస్థ ఈ జాతి మొక్కలున్న మూలికా మందుల్ని మనిషికి కచ్చితంగా క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. సిగరెట్టు ఏ వర్గంలో ఉందో ఇవీ అదే వర్గంలో.

ఎలా తెస్తుంది అని అడుగుతారు. ఆ కుర్రాడు చేయెత్తుతున్నాడు, చెబుతాను ఉండు నాన్నా. ఈ ఆమ్లం మన కణాల్లోకి వెళ్ళి, అక్కడ కొంచెం మారి, డిఎన్‌ఏకి అతుక్కుంటుంది. డిఎన్‌ఏలో నాలుగు అక్షరాలుంటాయి కదా, ఎ, టి, జి, సి. ఇది ముఖ్యంగా ఎ అనే అక్షరానికి అతుక్కుంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు నకలు తీస్తుంది, అక్కడ ఎ ఉండాల్సిన చోట టి రాసేస్తుంది. మన రెవెన్యూ ఆఫీసులో అడంగల్‌లో ఒక అంకె తప్పు పడితే ఏమవుతుంది? ఆ తర్వాత తీసిన ప్రతి నకలులోనూ అదే తప్పు. మీరు ఎన్నిసార్లు తిరిగినా సరి కాదు. ఇక్కడా అంతే. మందు మానేసినా రాసిన తప్పు చెరగదు. తప్పు పడకూడని చోట పడితే, కణం పెరుగుదలని అదుపులో పెట్టే జన్యువులో పడితే, ఏళ్ళు గడిచాక అది గడ్డ.

అందుకే "కొంచెమే వాడాను" అన్న మాట ఇక్కడ చెల్లదు. గన్నేరుకైతే ఒక మోతాదు ఉంది, దాటితే ప్రమాదం, దాటకపోతే తట్టుకోవచ్చు. డిఎన్‌ఏ మీద రాసే విషానికి ఇంతవరకు ఫరవాలేదు అని గీత గీయడం కుదరదు. శుద్ధి చేశాం కదా అంటారా? ఉడకబెట్టినంత మాత్రాన పోయే రకం కాదిది. బెల్జియంలో మందు గొట్టాల్లో పొడి, తైవాన్‌లో కషాయం, రెండు చోట్లా ఒకటే ఫలితం.

తైవాన్ అన్నాను కదా. అక్కడ సంప్రదాయ వైద్యానికి కూడా బీమా ఉంది, కాబట్టి మందు చీటీలన్నీ రికార్డులో ఉన్నాయి. 1997 నుంచి 2003 దాకా చూస్తే జనాభాలో దాదాపు మూడో వంతు మందికి ఈ మొక్కలున్న మందు ఎప్పుడో ఒకప్పుడు రాశారు. పై మూత్రనాళపు క్యాన్సర్ ప్రపంచంలో ఎక్కువగా ఉన్న చోటు కూడా అదే. 2003లో అక్కడ ఈ మొక్కల్ని నిషేధించారు. ఆ తర్వాత, 2017లో, తైవాన్ రోగుల కాలేయ క్యాన్సర్ గడ్డలు 98 తీసుకుని డిఎన్‌ఏ చదివారు. నూటికి 78లో ఇదే ముద్ర, ఎ ఉన్న చోట టి. గడ్డ తీసిన రోగికి తాను ఎప్పుడు ఏ కషాయం తాగాడో గుర్తుండకపోవచ్చు. డిఎన్‌ఏకి గుర్తుంది.

*ఉద్దానం మాట*

ఇప్పుడు మీ అందరి మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. కవిటి నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, సోంపేట వాళ్ళు ఉన్నారు. మన ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇదేనా కారణం?

నేను అలా అనడం లేదు. మళ్ళీ చెబుతున్నాను, అలా అనడం లేదు. విలేకరి మిత్రులు రేపు పేపర్లో అలా రాయకండి. ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని చేసి సరిగా నీళ్ళు తాగకపోవడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది, వంశధార నీళ్ళు పైపుల్లో వచ్చాయి. వెతుకులాట నడుస్తోంది.

కానీ ఇంకో ఊరి కథ చెబుతాను, అది ఉద్దానంవాళ్ళు వినాలి. యూరప్‌లో డాన్యూబ్ నది ఉపనదుల వెంబడి, క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, బల్గేరియా, రొమేనియా, అక్కడి పల్లెల్లో ఇలాంటిదే ఒక కిడ్నీ జబ్బు. 1950ల్లో డాక్టర్లు దాని గురించి రాశారు. ఒక ఊళ్ళో ఉంటుంది, పక్క ఊళ్ళో ఉండదు. ఒక ఇంట్లో వరసగా పోతారు, పక్కింట్లో ఎవరికీ రాదు. వలస వచ్చినవాళ్ళకి కూడా అక్కడ ఏళ్ళ తరబడి ఉంటే వస్తుంది. వింటుంటే మన ఊళ్ళ మాటే అనిపిస్తుంది కదూ? వాళ్ళూ నీళ్ళే అనుకున్నారు. బొగ్గు పొరల్లోంచి వచ్చే నీళ్ళన్నారు, సీసం అన్నారు, వైరస్ అన్నారు, బూజు విషం అన్నారు. 1969లోనే ఒక పరిశోధకుడు, గోధుమ చేలల్లో కలుపుగా మొలిచే అరిస్టోలోకియా గింజలు పిండిలో కలుస్తున్నాయేమో చూడండి అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2007లో ఆ రోగుల కిడ్నీల్లోనే ఈ ఆమ్లం అతుక్కున్న డిఎన్‌ఏ దొరికింది. తేలింది ఏమిటి? రోజూ తిన్న రొట్టె. చిన్న చిన్న మోతాదు, ఏళ్ళ తరబడి.

ఇందులో మనకి ఏముంది? ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు లేదు. రక్త పరీక్షలో ఆ అంకె పెరిగిందంటే కిడ్నీ పాడవుతున్నట్టు. చదువుకోని ముసలమ్మ కూడా "నాకు మూడున్నర ఉంది బాబూ" అని చెబుతుంది. ఆ మూడున్నర చూసి భయపడి, ఎవరో చెప్పారని, ఏ ఊరి నుంచో కిడ్నీ పొడి తెచ్చుకుంటారు. పొట్లం మీద పేరు ఉండదు. ఏ మొక్కో తెలియదు. అసలే సగానికి పైగా పాడైన కిడ్నీ, దాని మీద తెలియని పొడి. బ్రస్సెల్స్‌లో కిడ్నీలు బాగున్న ఆడవాళ్ళకే ఆ గతి పట్టింది. ఇక్కడ ఏమవుతుంది? ఇది నేను బతిమాలి చెబుతున్నాను, కిడ్నీ జబ్బున్నవాళ్ళు పేరు తెలియని పొడి ముట్టుకోవద్దు.

పాము కాటు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈశ్వరి అంటే మన దగ్గర ముందు గుర్తొచ్చేది అదే. వరి కోతల్లో కట్లపాము కరుస్తుంది, రక్తపింజరి కరుస్తుంది. ఈశ్వరి వేరు నూరి తాగిస్తారు. పాము విషం విరిచే మందు ఒక్కటే, ఆస్పత్రిలో ఎక్కించే యాంటీ వెనమ్. ఈశ్వరి తాగి బతికామనేవాళ్ళని కరిచింది విషం లేని పామో, విషం ఎక్కించని కాటో అయి ఉంటుంది. వేరు నూరే అరగంట బండి మీద ఆస్పత్రికి పోవాల్సిన అరగంట.

ఇక కాలేయం. దీనికి ఇంకో జాతి విషం ఉంది, పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు. పేరు కష్టంగా ఉంది, మరిచిపోయినా ఫరవాలేదు, మొక్కల్ని గుర్తుపెట్టుకోండి. గిలిగిచ్చ జాతి, అంటే కాయ ఎండితే లోపల గింజలు గలగలమంటాయి చూశారూ, ఆ జాతి. ఇంకోటి, పొలం గట్ల మీద తేలు కొండిలా వంకర తిరిగిన పూలగెల వేసేది, కొందరు తేలుమణి అంటారు, కొందరు నాగదంతి అంటారు. ఇవి కాలేయంలోని సన్నని రక్తనాళాల్ని మూసేస్తాయి. రక్తం వెనక్కి తన్ని, పొట్టలో నీరు చేరుతుంది.

1970ల్లో సర్గుజా జిల్లాలో, ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లో ఉంది, గిరిజన పల్లెల్లో పొట్టలు ఉబ్బి జనం చనిపోయారు. 67 మందికి వస్తే 28 మంది పోయారు. వాళ్ళు తిన్నది సామలు. సామల్లో గిలిగిచ్చ జాతి గింజలు కలిసిపోయాయి. ఆ రోజుల్లోనే అఫ్ఘనిస్థాన్‌లో హెరాత్ వైపు గోధుమల్లో తేలుమణి జాతి గింజలు కలిసి వేలమందికి ఇదే జబ్బు. మన సీతంపేట కొండల మీద సామలు పండుతాయి. సీతంపేట ఇప్పుడు మన్యం జిల్లాలోకి పోయింది గానీ, మనకి ఇంకా మన సీతంపేటే. అక్కడి సంతలో సామలు కొంటే జల్లెడ పట్టి, చేటలో చెరిగి, నల్లటి వేరే గింజ ఏదన్నా ఉంటే ఏరి పారేయండి. కొండమీద ఆడవాళ్ళు ఎప్పుడూ చేసే పనే, మనం మిక్సీ వచ్చాక మానేశాం.

పచ్చకామెర్ల పసరు గురించి చెప్పకపోతే ఇంటికి పోనివ్వరు మీరు. పసరు తాగితే కామెర్లు తగ్గుతాయా? తగ్గుతాయి. తాగకపోయినా తగ్గుతాయి. మన దగ్గర కామెర్లలో ఎక్కువ భాగం నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. మంచి పేరు పసరుకి పోతుంది. తగ్గనివాడు పెద్దాసుపత్రికి పోతాడు, వాడు మళ్ళీ పసరు ఇచ్చినాయన దగ్గరికి వచ్చి చెప్పడు కదా. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదికి వస్తుంది, అక్కడ పసరుతో ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదు. పసరు ఇచ్చే ఆయన ఆకు పేరు చెప్పడు, చెబితే మందు పనిచేయదంటాడు. పేరు చెప్పని ఆకుని జబ్బుపడ్డ కాలేయం మీద పోయడం ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు, ఆయుర్వేదంలోనూ లేదు. అవునా అయ్యా? తల ఊపుతున్నారు, సంతోషం.

కరోనా రోజుల్లో ఏమయిందో గుర్తుందా? ఇంటింటికీ తిప్పతీగ. గోడల మీద తిప్పతీగ, గ్లాసుల్లో తిప్పతీగ. 2021లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. మరుసటి ఏడాది వేరే వేరే నగరాల ఆస్పత్రులు కలిసి 43 మంది గురించి రాశాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. వాళ్ళు తిన్నది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన ఇంకో తీగా అని అడిగింది. నన్నడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. మరి గోడ మీద తీగ కోసుకుని తాగేవాడు ఆ ప్రశ్న వేసుకున్నాడా? బాటనీ ఎమ్మెస్సీ చేసిన పిల్లలే ఆ రెండు తీగల్నీ పక్కపక్కన పెడితే తికమక పడతారు.

చివరగా వస. అమ్మలు ఉన్నారు కాబట్టి. చంటిపిల్లలకి మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాస్తాం. వసపిట్టలా మాట్లాడాలని. మన దేశపు వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఎక్కువ. దాన్ని మేపిన ఎలుకల పేగుల్లో గడ్డలు వచ్చాయి. అమెరికాలో 1968 నుంచి తిండి పదార్థాల్లో వస వాడకూడదు. ఎప్పుడో ఒకసారి నాలిక మీద రాసిన గంధానికి మీ పిల్లకి క్యాన్సర్ వస్తుందని నేను అనను, టెన్షన్ పడకండి. రోజూ మాత్రం పెట్టకండి. మాటలు వస వల్ల రావు. రెండేళ్ళకీ మాటలు రాకపోతే చెవులు పరీక్ష చేయించండి, చాలాసార్లు సమస్య అక్కడ ఉంటుంది.

మరి ఏం చేయాలి అంటారా? డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏ ఆకు వాడారో చెప్పండి. తిడతారని దాచకండి. తిట్టే డాక్టర్లకి కూడా నేను ఒక మాట చెబుతున్నాను, మీరు తిడితే వాళ్ళు చెప్పడం మానేస్తారు, ఆకు వాడటం మానరు. పొట్లం, సీసా పారేయకండి, తీసుకెళ్ళి చూపించండి. మందుల వల్ల చెడు జరిగితే చెప్పుకోవడానికి టోల్ ఫ్రీ నంబరు ఉంది, 1800-180-3024. ఆయుష్ మందులకి కూడా ఇలా నమోదు చేసే ఏర్పాటు ఉంది. తైవాన్‌కి రికార్డు ఉంది కాబట్టే తెలిసింది. మన దగ్గర నోటి మాటే రికార్డు.

ఇక ప్రశ్నలు. ఆ నీలం చీర ఆవిడ మొదటి నుంచీ ఎదురు చూస్తున్నారు, చెప్పమ్మా.

(చిన్నప్పుడు కడుపులో పురుగులని గాడిదగడపాకు రసం చాలాసార్లు పట్టారని, ఇప్పుడు ఏం చేయాలని ఆమె అడిగారు.)

మంచి ప్రశ్న అడిగావమ్మా. భయపడి ఇవాళ రాత్రి నిద్ర మానుకోవద్దు. తాగిన ప్రతివాళ్ళకీ రాదు, బ్రస్సెల్స్‌లో అదే మందు వాడిన చాలామందికి ఏమీ కాలేదు. ఇప్పుడు చేయాల్సింది, ఒకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకో. మన ప్రభుత్వ ఆస్పత్రిలోనే చేస్తారు. బాగుంటే ఏడాదికోసారి చేయించుకుంటే చాలు. ఒక్కటి మాత్రం అశ్రద్ధ చేయకు. నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వస్తే, ఒక్కసారి వచ్చి మళ్ళీ మామూలైపోయినా సరే, వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టుకుని కూర్చోకు. మర్నాడే వెళ్ళి, చిన్నప్పుడు ఫలానా ఆకు తాగానని పేరు పెట్టి చెప్పు, స్కానింగ్ రాస్తారు. పేరు తెలుసు కదా నీకు? అదే అదృష్టం. తర్వాత ఎవరు?